వంటింట్లో మిగిలిన నూనె, జిడ్డు: నీళ్లు తగలకముందే వేరు చేసే పద్ధతి

మూడేళ్ల కిందట సంక్రాంతి వెళ్లిన నాలుగో నాడు, నల్లగొండలోని మా ఇంట్లో వంటగది సింకు నుంచి నీళ్లు కిందికి దిగడం ఆగిపోయింది. కర్రతో పొడిచాం, వేడినీళ్లు పోశాం, దుకాణంలో దొరికే పొడి వేశాం. ఏదీ పని చేయలేదు. చివరికి వచ్చిన ప్లంబరు ఇంటి వెనుక ఛాంబర్ మూత లేపి, పైపు నోటికి అడ్డంగా బిగుసుకుపోయిన తెల్లటి గడ్డను గడ్డపారతో పెకలించి గచ్చు మీద పెట్టాడు. ముట్టుకుంటే మైనంలా ఉంది. విరిచి చూస్తే అన్నం మెతుకులు, టీ పొడి, సకినాల పిండిలోని నువ్వులు కూడా అందులో అతుక్కుని కనిపించాయి. "ఇది మన్ను కాదమ్మా, ఇదంతా నూనెనే" అన్నాడతను.

ఆ పండుగకు సకినాలు, గారెలు, అరిసెలు కాల్చగా మిగిలిన పామాయిల్‌ను ఆ సింకులో పోసింది మేమే. సబ్బునీళ్లు, వేడినీళ్లు కలిపి పోస్తే కొట్టుకుపోతుందని నమ్మాం. ఆ రోజు తర్వాత మా ఇంట్లో మొదలుపెట్టిన పద్ధతిని నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఇళ్లకు పనికొచ్చేలా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. దీనికంతటికీ ఆధారం ఒక్కటే: నూనెకు నీళ్లు తగలకముందే దాన్ని వేరు చేయాలి. పొడిగా ఉన్నప్పుడు నూనెను తీయడం ఒక కాగితంతో అయ్యే పని, నీళ్లలో కలిసిన తర్వాత అదే గడ్డపార దాకా వెళ్తుంది.

పైపులోకి పోయిన నూనె ఏమవుతుంది

వంటనూనె లీటరుకు సుమారు 910 నుంచి 920 గ్రాములే తూగుతుంది కాబట్టి నీళ్ల మీద తేలుతుంది, పైపు గోడలకు పట్టుకుంటుంది. వేడినీళ్లు పోసినప్పుడు కరిగి కదులుతుంది గానీ కొంత దూరం పోయేసరికి నీళ్లు చల్లారి, మన చేతికి అందని చోట మళ్లీ పేరుకుంటుంది. గిన్నెలు తోమే సబ్బు నూనెను సన్నటి బిందువులుగా విడదీస్తుంది. ముందుకు వెళ్లి నీళ్లు ఎక్కువగా కలిసి సబ్బు పలచబడగానే ఆ బిందువులు ఒకదానికొకటి చేరి తిరిగి నూనెగా మారతాయి.

మన ప్రాంతంలో దీనికి తోడయ్యేది నీటి కాఠిన్యం. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, గిన్నెలు తోమడానికి చాలా ఇళ్లలో బోరు నీళ్లే వాడతారు. బకెట్ల అంచులకు, నల్లాల మూతికి తెల్లటి పొర కట్టే ఆ నీళ్లలో కాల్షియం ఎక్కువ. పలుమార్లు కాగిన నూనె విరిగి అందులో కొవ్వు ఆమ్లాలు పుడతాయి. అవి కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని ఒక రకం సబ్బుగా గట్టిపడతాయి. సిమెంటు ఛాంబర్లు, సిమెంటు పైపుల నుంచి కూడా కొంత కాల్షియం దిగుతుంది. మా ఛాంబర్‌లో దొరికిన గడ్డ అలా తయారైనదే. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతపు మురుగు కాలువలో సుమారు 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున్న గడ్డ బయటపడింది. పరిమాణం వేరు గానీ అందులో జరిగిన పని కూడా ఇదే.

మురుగు వీధి కాలువకు కాక సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే ఇళ్లలో కష్టం ఇంకో రూపంలో వస్తుంది. ట్యాంకులో నూనె పైన పొరగా తేలుతుంది. ఆ పొర మందంగా పెరిగితే జిడ్డు ట్యాంకు దాటి ఇంకుడు గుంతలోకి పోయి, నీళ్లు ఇంకాల్సిన మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది. ట్యాంకును బండి పిలిపించి ఖాళీ చేయించవచ్చు, పూడిన ఇంకుడు గుంతను మాత్రం తవ్వి కంకర మార్చాల్సిందే. వంటగది నీళ్లు నేరుగా వీధి మోరీలో కలిసే ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ మోరీ ఏదో ఒక వాగునో చెరువునో చేరుతుంది. అక్కడ నూనె పొర నీళ్లకు గాలి అందకుండా అడ్డుపడుతుంది, కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ప్రాణవాయువును కూడా వాడుకుంటుంది. అలాంటి నీళ్లలో చేపలు బతకడం కష్టం.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఖర్చు పెట్టి కొనాల్సినది దాదాపు ఏమీ లేదు. నూనె వచ్చిన 5 లీటర్ల పాత క్యాను ఒకటి, వెడల్పు నోరున్న స్టీలు డబ్బా ఒకటి, గరాటు, సన్నటి స్టీలు జల్లెడ, పలుచటి నూలు గుడ్డ, పాత దినపత్రికలు, గిన్నెకు అంటిన జిడ్డు గీకడానికి రబ్బరు గరిటె, ఒక మూటెడు రంపపు పొట్టు ఉంటే చాలు. రంపపు పొట్టు ఏ వడ్రంగి దుకాణంలో అడిగినా ఇస్తారు. మిర్యాలగూడ వైపు వాళ్లకు రైస్‌మిల్లుల ఊక సులభంగా దొరుకుతుంది గానీ అది పొట్టు అంతగా నూనె పీల్చదు, ఎక్కువ వేయాల్సి వస్తుంది. ఎండిన ఎర్రమట్టి, కట్టెల పొయ్యి బూడిద, దంచిన పల్లికాయ పొట్టు కూడా పనికొస్తాయి. తవుడు నూనెను బాగా పీల్చే మాట నిజమే అయినా, పశువులకు మేతయ్యే దాన్ని ఇందుకు వాడటం నాకు ఇష్టం లేదు; పైగా తవుడు వాసనకు ఎలుకలు వస్తాయి.

మొదటి దశ: మిగలకుండా చూసుకోవడం

వెడల్పాటి కడాయి కన్నా లోతైన చిన్న కడాయిలో తక్కువ నూనెతోనే అప్పాలు మునుగుతాయి. పండుగకు నాలుగు రకాలు చేసేటప్పుడు వరుస కూడా ముఖ్యం. పిండి రాలని సకినాల వంటివి ముందు, శనగపిండి రాలే మిర్చి బజ్జీలు, మక్క గారెలు తర్వాత, చేపలు లేదా మాంసం అన్నిటికన్నా చివర వేయించుకోవాలి. మాంసం వేగిన నూనె ఇంక దేనికీ పనికిరాదు కాబట్టి ఆ వరుస తప్పితే మంచి నూనె కూడా పారబోయాల్సి వస్తుంది. ప్రతి వాయి తర్వాత అడుగున చేరే పిండి నలుసులను చిల్లుల గరిటెతో తీసేస్తే అవి మాడవు, నూనె నల్లబడదు.

రెండో దశ: చల్లారనివ్వడం

స్టవ్ ఆపిన తర్వాత కడాయిని కదిలించకూడదు. రెండు లీటర్ల నూనె పైకి చల్లారినట్టు కనిపించినా లోపల చాలాసేపు కాలేంత వేడిగానే ఉంటుంది. పిల్లలు, పిల్లులు తిరిగే ఇంట్లో కడాయిని వెనుక బర్నర్ మీదికి మార్చి వేయించడం మొదలుపెడితే, తర్వాత అక్కడే వదిలేయవచ్చు. పైన జల్లి మూత పెట్టి రాత్రంతా ఉంచి తెల్లారి పని చేసుకోవడం అన్నిటికన్నా క్షేమం. గట్టి మూత పెడితే ఆవిరి నీళ్లై నూనెలోకే కారుతుంది.

వేయించేటప్పుడు నూనెకే మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు. నీళ్లు బరువు కాబట్టి నూనె కిందికి దిగి, ఒక్క క్షణంలో ఆవిరై, మండుతున్న నూనెను పైకి ఎగజిమ్ముతాయి. చేయి అందితే గ్యాసు ఆపి, కడాయి కన్నా పెద్ద పళ్లేన్ని పక్క నుంచి జరిపి మూసి, పూర్తిగా చల్లారేదాకా తెరవకూడదు. మండుతున్న కడాయిని బయటికి మోసుకుపోయే ప్రయత్నం అసలే చేయకూడదు.

మూడో దశ: ఉంచాలా, తీసేయాలా

వేయించిన నూనెను వడకట్టి, మళ్లీ వేయించడానికి కాకుండా కూరలకు వాడి ఒకటి రెండు రోజుల్లోనే ముగించుకోవాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇళ్లలో నెలల తరబడి పాత నూనెలో కొత్త నూనె కలుపుతూ పోవడం మనకు అలవాటు. అలా కలిపినప్పుడు పాతది కొత్తదాన్ని కూడా త్వరగా చెడగొడుతుంది.

నూనె ఎంత చెడిందో కొలిచే ప్రమాణం ఒకటుంది. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని కొలిచే పరికరం ఇళ్లలో ఉండదు గనుక కంటికీ ముక్కుకూ తెలిసే గుర్తులనే నమ్ముకోవాలి. కాగేటప్పుడు పైన నురగ కట్టి పోకపోవడం, ఇదివరకటి కన్నా తక్కువ వేడికే పొగ రావడం, రంగు చిక్కబడటం, వేళ్ల మధ్య రుద్దితే బంకగా సాగడం, పాత పల్లీల కనరు వాసన రావడం కనిపిస్తే, వీటిలో ఒక్కటి ఉన్నా ఆ నూనె పని అయిపోయినట్టే. పల్లి నూనె ఖరీదు చూసి మనసు ఒప్పదు, నిజమే. మా అమ్మ కూడా చాలా కాలం ఒప్పుకోలేదు. కూరకు సరిపడా మాత్రమే ఉంచి మిగతాది అదే రోజు పక్కకు తీసే అలవాటు చేశాక ఆ పేచీ తగ్గింది.

నాలుగో దశ: వడకట్టి నిల్వ చేయడం

పూర్తిగా చల్లారిన నూనెను జల్లెడ మీద నూలు గుడ్డ పరిచి క్యానులోకి వడకట్టాలి. వేడిగా పోస్తే ప్లాస్టిక్ క్యాను మెత్తబడి చీలుతుంది, తాగునీటి సీసాలైతే చూస్తుండగానే ముడుచుకుపోతాయి. అడుగున మిగిలే నల్లటి మడ్డిని క్యానులో పోయకుండా ఆపాలి. ఆ మడ్డిలో తేమ ఉంటుంది. అదే కుళ్లి క్యానంతా వాసన పట్టిస్తుంది. మడ్డిని గుడ్డతో సహా రంపపు పొట్టులో వేయండి.

క్యాను మీద "వాడిన నూనె, వంటకు కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చూపు తగ్గిన పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో పాత క్యానులో ఉన్నది కొత్త నూనె అనుకుని తాలింపు పెట్టే ప్రమాదం ఉంది. స్టవ్ దగ్గర కాకుండా, ఎండ తగలని చోట, నేల మీద ఉంచండి. నల్లగొండలో మే నెల ఎండకు మేడ మీద పెట్టిన క్యాను రెండు వారాలకే ఎలా కనరెక్కుతుందో మేం చూశాం. ఇందులో వంటనూనె తప్ప మరేదీ కలపకూడదు. ముఖ్యంగా బండికి తీసిన ఇంజిన్ ఆయిల్ ఒక్క చెంచా పడినా క్యాను మొత్తం ఎవరికీ పనికిరాకుండా పోతుంది. ఇంజిన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, దాని దారి వేరు.

ఐదో దశ: గిన్నెలకు అంటిన జిడ్డు

క్యాను నింపే నూనె ఏడాదికి నాలుగైదుసార్లు మిగులుతుంది. పైపును రోజూ కొంచెం కొంచెంగా పూడ్చేది మాత్రం గిన్నెల జిడ్డు, అందుకే ఈ దశను అన్నిటికన్నా శ్రద్ధగా చదవమని కోరుతున్నాను.

గిన్నె సింకులోకి వెళ్లేముందు పొడిగా తుడవాలి. కడాయి గోరువెచ్చగా ఉన్నప్పుడే, అంటే జిడ్డు గడ్డకట్టకముందే, రబ్బరు గరిటెతో చుట్టూ గీకి స్టీలు డబ్బాలో వేసి, తర్వాత దినపత్రిక ముక్కతో తుడిస్తే సబ్బు కూడా తక్కువ పడుతుంది. ఇంట్లో పనికి సాయం వచ్చే మనిషి ఉంటే, ఆమెకు ఇది అదనపు పనిగా అప్పగించకుండా, తిన్నవాళ్లే తమ పళ్లేలు, వండినవాళ్లే తమ కడాయి తుడిచి ఇవ్వడం న్యాయం.

యాట మాంసం కూర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గొర్రె, మేక కొవ్వు మన శరీరపు వేడి దాటిన చోట మాత్రమే ద్రవంగా ఉంటుంది, అందుకే దసరా దావత్ మరునాడు కూర గిన్నె అంచున తెల్లగా పేరుకుని కనిపిస్తుంది. పైపులో కూడా అన్నిటికన్నా ముందు గడ్డకట్టేది అదే. మిగిలిన పులుసును, పాయాను ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచితే కొవ్వు పైకి చేరి అప్పడంలా గట్టిపడుతుంది. దాన్ని చెంచాతో ఎత్తి స్టీలు డబ్బాలో వేయాలి. చలికాలంలో ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, తెల్లారేసరికి కిటికీ పక్కనే గడ్డకడుతుంది. నెయ్యి కాచాక మిగిలే మడ్డి, తొక్కు జాడీ అడుగున మిగిలే కారపు నూనె, చిమ్నీ కింద చిన్న గిన్నెలో చేరే జిడ్డు, కేకు కోసిన పళ్లేనికి అంటిన క్రీము, మీగడ కూడా జిడ్డు కిందికే వస్తాయి. తొక్కు నూనె చెడకపోతే సర్వపిండి మీద వేసుకోవచ్చు. చెడితే దానిలోని ఉప్పు వల్ల మొక్కలకూ ఎరువుకూ పనికిరాదు, కాగితంలో పీల్పించి పొడి చెత్తకు దూరంగా విడిగా కట్టి ఇవ్వండి.

నూనె తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మూల పడేయకూడదు. గాలి ఆడని కుప్పలో నూనె గుడ్డలు తమంతట తాము వేడెక్కి అంటుకునే అవకాశం ఉంది. వాటిని తీగ మీద విప్పి ఆరేయాలి.

ఆరో దశ: కొంచెమే ఉంటే పీల్పించడం

ఒక గ్లాసుకు లోపు నూనె, మడ్డి ఉంటే క్యాను దాకా పోనవసరం లేదు. పాత డబ్బాలో రంపపు పొట్టు వేసి, నూనె పోసి, కర్రతో కలుపుతూ మెరుపు కనిపించనంతవరకు పొట్టు చేర్చండి. చేత్తో పిండితే నూనె కారకూడదు, అదే లెక్క. కాగితంలో చుట్టి, మీ మున్సిపాలిటీ చెత్త బండి వాళ్లు తడి చెత్తలో తీసుకుంటారో వేరే ఇమ్మంటారో ఒకసారి అడిగి అలాగే ఇవ్వండి. పల్లెల్లో అయితే పంచాయతీ ట్రాక్టరుతో వచ్చే వాళ్లను అడగాలి. జిడ్డు పట్టిన కాగితాన్ని పొడి చెత్తలో వేస్తే దానితో పాటు ఉన్న మంచి కాగితం కూడా అమ్ముడుపోకుండా పోతుంది.

ఇంట్లో ఎరువు గుంత ఉన్నవాళ్లు నాలుగు చెంచాల నూనె పీల్చిన పొట్టును ఒక బుట్టెడు ఆకులు, పేడ మధ్య పలుచగా చల్లవచ్చు. అంతకు మించితే నూనె ఆకుల చుట్టూ పొరలా పట్టి గాలి ఆడనివ్వదు, గుంత కంపు కొడుతుంది. చెట్టు మొదట్లో నేరుగా పోయడం మాత్రం తప్పు. నూనె పట్టిన మట్టి ఆ తర్వాత నీళ్లను కూడా పీల్చదు.

ఏడో దశ: ఎక్కువ ఉంటే ఎవరికి ఇవ్వాలి

వాడిన వంటనూనెతో బయోడీజిల్ చేస్తారు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం దీన్ని ముడిసరుకుగా గుర్తించింది. అదే ఏడాది ఆగస్టులో ఆహార భద్రత సంస్థ "రూకో" పేరుతో వాడిన నూనె సేకరణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. రోజుకు 50 లీటర్లకు మించి వేయించే వ్యాపారులు 2019 మార్చి 1 నుంచి నూనె వాడకం లెక్కలు రాసి, వాడిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఇళ్లకు ఆ నిబంధన లేదు, అయితే అదే దారి మనకూ పనికొస్తుంది.

ఒక్క ఇంటి నుంచి రెండు లీటర్ల కోసం ఎవరూ రారు. అందుకని కాలనీలో పది ఇళ్లు కలిసి, సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం, బతుకమ్మ, దసరా తర్వాత మరో ఆదివారం క్యాన్లన్నీ ఒకచోట చేర్చుకుంటే సేకరించే వాళ్లకు వచ్చిన ఖర్చు దక్కుతుంది. మీ ఊరి పెద్ద స్వీటు దుకాణం లేదా హోటల్ తమ నూనెను అలాంటి వారికే ఇస్తుంటే, మీ డబ్బాను కూడా వాళ్ల డ్రమ్ముల్లో కలపమని అడిగి చూడండి. పెండ్లి, బారసాల వంటలకు మనిషిని మాట్లాడుకునేటప్పుడే మిగిలిన వేయింపు నూనె ఏం చేస్తారని అడగాలి. "మీదే కదా, మీకే వదిలేస్తాం" అంటే ఖాళీ టిన్నులు ముందే సిద్ధం చేసుకోవాలి, లేకపోతే ఆ రాత్రి అది ఫంక్షన్ హాలు వెనుక మోరీలో పడుతుంది.

వీధిలో తిరుగుతూ వాడిన నూనె కొంటామనే వాళ్లకు అమ్మేముందు ఒక్క ప్రశ్న అడగండి: అది ఎటు పోతుంది? అనుమతి పత్రం, సంస్థ పేరు చెప్పలేకపోతే ఇవ్వకండి. చెడిన నూనెను రంగు విరిచి మళ్లీ బండ్ల మీది బజ్జీలకు చేర్చడాన్ని ఆపడానికే ఆ నిబంధనలు వచ్చాయి. మన క్యానులోని నూనె పక్క వీధి పిల్లల కడుపులోకి పోయే దారి మనం తెరవకూడదు.

సబ్బు చేసుకోదలచినవారికి

ఇది అందరికీ కాదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, గ్రాము తూచే త్రాసు లేకపోతే ఈ భాగం వదిలేయండి. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోతుంది. అద్దాలు, రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని, గాలి ఆడే వరండాలో మాత్రమే చేయాలి.

వడకట్టిన పల్లి లేదా పొద్దుతిరుగుడు నూనె 500 గ్రాములు తూచండి. కాస్టిక్ సోడా 64 గ్రాములు, ఫిల్టర్ నీళ్లు 170 గ్రాములు విడివిడిగా తూచుకోండి. అంత సోడాతో కలిశాక ఈ నూనెలో దాదాపు 5 శాతం సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్క వేసినది ఇది, అంటే సోడా మిగిలిపోయి చేతులు కాలే భయం తగ్గుతుంది. సోడా బరువు పెంచకూడదు. బోరు నీళ్లు వద్దు. స్టీలు లేదా మందపాటి ప్లాస్టిక్ పాత్ర మాత్రమే వాడాలి. అల్యూమినియం గిన్నెలో పోస్తే సోడా లోహాన్ని తిని, మండే వాయువును వదులుతుంది.

నీళ్లలో సోడాను కొంచెం కొంచెంగా వేసి కలపాలి. సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు, ఎగిరి ముఖం మీద పడుతుంది. కలిపిన నీళ్లు వాటంతటవే పొగలు కక్కేంత వేడెక్కుతాయి. ఆ పొగ పీల్చకుండా పక్కకు నిలబడి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, సన్నటి ధారగా నూనెలో పోస్తూ కర్ర గరిటెతో తిప్పండి. మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. ఓపికగా తిప్పుతూ పోతే గంటకో ఇంకాసేపటికో చిక్కటి మజ్జిగలా మారి, గరిటె ఎత్తి వదిలిన చుక్క పైన గీతలా నిలుస్తుంది. అప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచి, తొడుగులతోనే ముక్కలు కోసి, నీడలో గాలికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. ఇది గచ్చు, స్టవ్ బండ, పాత గుడ్డలు కడగడానికి బాగుంటుంది, స్నానానికి వాడకూడదు. బోరు నీళ్లలో నురగ తక్కువ వస్తుందని ముందే చెబుతున్నాను.

చేయకూడని కొన్ని

నూనెను పేపర్లతో కలిపి వాకిట్లో తగలబెట్టడం, గేదెల కుడితిలో పోయడం, వీధి కుక్కలకు అన్నంలో కలపడం మానాలి. నెమరువేసే పశువు కడుపులో నూనె ఎక్కువైతే గడ్డి అరగదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసినట్టు తలుపు కీళ్లకు, కుట్టుమిషనుకు ఈ నూనె వేయవద్దు. కొన్నాళ్లకు బంకలా గట్టిపడి పట్టేస్తుంది. కొడవలి, పార వంటి పనిముట్లకు తుప్పు పట్టకుండా గుడ్డతో పలుచగా రాస్తే మాత్రం తప్పు లేదు.

ఇంటి వెనుక జిడ్డు గుంత

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు వంటగది పైపు మీద ఒక చిన్న ఛాంబర్ అదనంగా కట్టించుకోవడం మంచిది. లోపలి కొలత 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 లోతు ఉంటే నలుగురైదుగురు ఉన్న ఇంటికి సరిపోతుంది. నీళ్లు బయటికి పోయే వైపు టీ (T) ఆకారపు పైపు బిగించి, దాని కింది కాలు అడుగుకు 15 సెంటీమీటర్ల ఎత్తు దాకా దించాలి. జిడ్డు పైన తేలి ఆగుతుంది, మెతుకులు అడుగున చేరతాయి, మధ్యలోని నీళ్లే బయటికి వెళ్తాయి. టీ పైకాలు మూత కిందికి తెరిచి ఉండాలి, లేకపోతే నీళ్లు లాగుకుని మొత్తం ఖాళీ అవుతుంది. స్నానాల నీళ్లు, మరుగుదొడ్డి పైపు ఇందులోకి రాకూడదు. దోమలు దూరకుండా మూత బిగుతుగా ఉండాలి.

పై జిడ్డు, అడుగు మడ్డి కలిసి నీటి లోతులో నాలుగో వంతుకు చేరగానే శుభ్రం చేయాలి. మా ఇంట్లో అది ఆరు వారాలకోసారి వస్తుంది. ఉదయం చల్లటి పూట, ఎవరూ సింకు వాడకముందు, చిల్లుల గరిటెతో జిడ్డు పొర ఎత్తి, రంపపు పొట్టులో కలిపి, పైన చెప్పినట్టే చెత్త బండికి ఇస్తాం.

ఇప్పటికే నీళ్లు నిలిచి ఉంటే

ముందు సింకు కింద పైపుకు బిగించి ఉన్న సీసా లాంటి భాగం, అంటే బాటిల్ ట్రాప్ చూడండి. కింద బకెట్ పెట్టి, గిన్నె లాంటి అడుగు భాగాన్ని చేత్తో ఎడమ వైపు తిప్పితే ఊడుతుంది. లోపలి జిడ్డును పుల్లతో గీకి కాగితంలో వేసి, రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చున్నదో లేదో చూసి మళ్లీ బిగించండి. చాలాసార్లు అడ్డు అక్కడే ఉంటుంది. అక్కడ లేకపోతే బయటి ఛాంబర్ తెరిచి చూడాలి. అందులో నీళ్లు లేకుండా ఉంటే అడ్డు ఇంటి పైపులో ఉన్నట్టు, నిండి ఉంటే అవతల ఉన్నట్టు. కాస్టిక్ పొడులు పోస్తే కొవ్వు సబ్బుగా మారి మన కఠిన జలంతో ఇంకా గట్టిపడే అవకాశం ఉంది, ఆ పైన పైపు విప్పే ప్లంబరు చేతులు కూడా కాలతాయి. ఏదైనా పొడి ఇప్పటికే పోసి ఉంటే అతను పైపు ముట్టుకోకముందే ఆ సంగతి చెప్పండి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకదాని మీద ఒకటి పోస్తే విషవాయువు పుడుతుంది. పొడవాటి స్ప్రింగు తీగతో అడ్డు తొలగించి, లోపలి గడ్డను ముందుకు తోయకుండా వెనక్కి లాగి బయటికి తీయమని ప్లంబరును అడగాలి. బయటికి వచ్చిన గడ్డను మోరీలో పడేయనివ్వకుండా రంపపు పొట్టు వేసి ఉంచిన పాత బకెట్‌ను అతని పక్కనే పెట్టండి.